గొంతు లేని బొమ్మలు

ప్రదీప్ బాబూ,

నీ ఇల్లు చల్లగా ఉండాలి! ఎచ్చెర్లలో మా అమ్మాయితో కలిసి చదువుకున్న స్నేహం మరవకుండా నువ్వు ఇంటర్నెట్‌లో వెతికి, ఉచితంగా దొరికాయని పెన్‌డ్రైవ్‌లో పంపిన బొమ్మల పాఠాలు మా కుసుమను మళ్లీ క్లాసులో నిలబెట్టాయి. గొంతు ఆపరేషన్ తర్వాత దానికి మాట పోయిందని తెలిసి, "మాటరాని టీచరమ్మ పాఠమేటి సెప్తాది? ఆఫీసులో కూకోమను" అన్న హెడ్మాస్టరే నిన్న నన్ను బడికి పిలిచి దాని పాఠం చూపించారు. తెర మీద గుండె బొమ్మ బాబూ! నొక్కితే కొట్టుకుంటోంది! "నాను నొక్కుతాను, నాను నొక్కుతాను" అని పిల్లల గోల. వల నిండా చేప పడిన రోజున కూడా నేనంత పొంగిపోలేదు.

ఇంతలో ఆ బొమ్మలోంచి ఎవరో అమ్మాయి తియ్యగా పాఠం చెప్పడం మొదలుపెట్టింది. పిల్లలందరూ తెరకేసి తిరిగిపోయారు. కుసుమ గోడ పక్కకి జరిగి, ఆ గొంతుతో పాటు పెదాలు కదుపుతూ నిలబడింది. నేను కళ్లు తుడుచుకుంటే అందరూ సంతోషమనుకున్నారు.

కుసుమ ఇంటికొచ్చి పలక మీద రాసింది: "ఆళ్లకి ఆ గొంతు సాలు నాన్నా. రేపట్నుంచి నానెల్లను." పొద్దున్నుంచి లేవలేదు. అన్నం పెట్టినా ముట్టలేదు.

నువ్వు చేసిన మేలుకి వంక పెడుతున్నాననుకోకు. ఒకసారి విన్నాక, సౌండు తగ్గించినా పిల్లలు ఆ గొంతే పెట్టమంటారు. అసలు ఎవరూ మాట్లాడని బొమ్మలు ఎక్కడైనా ఉంటే వెతికి పంపు బాబూ. అప్పుడు గుండె బొమ్మలో రక్తం ఎటు పోతోందో అర్థం కాకపోతే, పిల్లలు మా అమ్మాయి మొహంకేసి చూస్తారు.

నిన్ను కొడుకులా తలుచుకునే
కుసుమ నాన్న