మొహమాటానికి మూడు హార్ట్స్

ఫిబ్రవరి 4, శనివారం

యాభై రెండేళ్లు వచ్చాక నాకు పేకాట పిచ్చి పట్టింది. ఈ మాట హాస్పిటల్లో ఎవరితోనైనా అంటే నవ్విపోతారు, అందుకే ఇక్కడ రాస్తున్నాను.

ఆటేమో బ్రిడ్జ్. లైబ్రరీ మేడ మీద గది, నాలుగు టేబుళ్లు, వాటి మీద ఆకుపచ్చ గుడ్డలు, కిర్రుమనే ఫ్యాను. నేర్పేది రిటైరైన లెక్కల మాస్టారు. నన్ను అక్కడికి లాక్కెళ్లింది మా వియ్యపురాలు, అంటే మా అల్లుడి తల్లి. టెలిఫోన్ ఎక్స్‌ఛేంజ్‌లో ముప్పై ఏళ్లు సూపర్‌వైజర్‌గా గొంతు చించుకుని అరిచిన మనిషి, ఇంట్లో తోచక చస్తోంది. ఆటకి జత కావాలి వదినగారూ, వస్తారా అంది. ఆవిడ అడిగితే కాదంటానా? ఆడపిల్ల తల్లిని.

మొహమాటానికి వెళ్లాను. రెండు నెలలైంది. ఇప్పుడు ఫార్మసీ కౌంటర్లో మందులిస్తూ మంగళ, శనివారాలు ఎప్పుడొస్తాయా అని చూస్తున్నాను. సిగ్గుగా ఉంది గానీ నిజం.

ఏముంది ఆ ఆటలో అని మా ఆయన అడిగాడు. నలుగురు కూర్చుంటారు, ఎదురెదురు వాళ్లు జత. ఆట మొదలయ్యే ముందు బిడ్డింగ్, అంటే వేలంపాట లాంటిది. అప్పుడు జతకి పైకి చెప్పడానికి మొత్తం పదిహేనే మాటలు. ఒకటి నుంచి ఏడు దాకా అంకెలు, నాలుగు రంగులు, నో ట్రంప్, పాస్, డబుల్, రీడబుల్. వాటితోనే నా చేతిలో ఏముందో ఎదురుగా ఉన్నావిడకి తెలియజెయ్యాలి. ముప్పై ఏళ్లుగా నీతో ఉన్న మాటలన్నీ వాడుతున్నాను, ఒక్కటీ చెవికెక్కలేదు, ఆవిడకి పదిహేనుతో ఎక్కించాలి అన్నాను. పేపర్ తిరగేశాడు.

ఫిబ్రవరి 7, మంగళవారం

పరువు పోయింది.

వదినగారు రెండు హార్ట్స్ అంది. నా చేతిలో ఒకే ఒక్క హార్ట్, అదీ అన్నిటికన్నా చిన్నది. నోరు మూసుకుని పాస్ అనాలి. మూడు హార్ట్స్ అన్నాను. ఆవిడ ఉత్సాహంగా నాలుగంది. నలుగురూ తలో ముక్క వేస్తే ఒక పట్టు. అలాంటి పట్లు పదమూడు. నాలుగు హార్ట్స్ అంటే అందులో పది గెలుస్తామని మాటిచ్చినట్టు. గెలిచింది ఆరు.

ఎందుకమ్మా మూడన్నారు అని మాస్టారు అడిగారు. ఆవిడ హార్ట్స్ అన్నాక నేను కాదంటే ఏం బాగుంటుందండీ అన్నాను. ఆయన కళ్లజోడు తీసి తుడుచుకుని, మళ్లీ పెట్టుకుని, మళ్లీ తుడుచుకున్నారు.

పర్వాలేదు లెండి వదినగారూ, ముక్కలు కలిసి రాలేదు అంది వియ్యపురాలు. ముక్కలేం చేశాయి పాపం!

ఫిబ్రవరి 11, శనివారం

మళ్లీ ఓడాం. తప్పు నాదంటే నాదని ఇద్దరం సారీలు చెప్పుకుంటుంటే పక్క టేబుల్ వాళ్లు ఆట ఆపి మరీ విన్నారు.

ఫిబ్రవరి 14, మంగళవారం, ఉదయం 5:40

డైనింగ్ టేబుల్ మీద నాలుగు చేతులూ పంచి, నలుగురి తరఫునా నేనే ఆడుతున్నాను. ఒక్కో కుర్చీలోకి లేచి వెళ్లి మరీ కూర్చుంటున్నాను, లేకపోతే పక్కవాళ్ల ముక్కలు కళ్లబడతాయి. మా ఆయన నిద్రమొహంతో వచ్చి కాసేపు గుమ్మంలో నిలబడ్డాడు. నలుగురు ఒకచోట కూర్చుని పోట్లాడుకోకపోవడం ఈ ఇంట్లో ఇదే మొదటిసారి అన్నాడు.

ఫిబ్రవరి 16, గురువారం

కౌంటర్లో ఒక పెద్దాయన పక్కకి కూడా కదలకుండా ట్యాబ్లెట్లు లెక్కపెట్టుకుని, పదిహేను రాస్తే పదమూడిచ్చావేంటమ్మా అన్నాడు. అమ్మ బాబోయ్! చెయ్యి దానంతటదే పదమూడు దగ్గర ఆగిపోయింది. ఒక్కో రంగులో పదమూడు ముక్కలు మరి. క్షమాపణ చెప్పి మిగతా రెండూ ఇచ్చాను. పొద్దుటి నుంచి ఇచ్చిన చీటీలన్నీ తీసి స్టాకుతో సరిచూశాను. అదొక్కటే తప్పు, హమ్మయ్య. ఇకమీదట కౌంటర్లో బ్రిడ్జ్ తలుచుకోను. ఒట్టు.

ఫిబ్రవరి 18, శనివారం

ఇవాళ నేను ఫినెస్ చేశాను, అంటే పెద్ద ముక్క ఎవరి దగ్గరుందో ఊహించి, దానికన్నా చిన్నదానితో పట్టు లాగాను! నేను!

మూడు నో ట్రంప్, అంటే తురుపు లేని ఆట, ఆడుతున్నాను. తొమ్మిది పట్లు కావాలి. మాస్టారు పది వారాలుగా చెబుతున్నదే చేశాను: మొదటి ముక్క పడగానే చెయ్యి వెనక్కి తీసుకుని లెక్కపెట్టాను. ఎటు చూసినా ఎనిమిదే. తొమ్మిదోది ఎక్కడ?

జతలో ఆడేది ఒక్కరే, రెండోవాళ్ల ముక్కలు అందరికీ కనబడేలా పరుస్తారు, అందుకే ఎదురుగా వదినగారి ముక్కలు బల్ల మీద ఉన్నాయి. వాటిలో క్లబ్స్ ఆసు, రాణి. రాజు బయటుంది. నా ఎడమవైపావిడ దగ్గరుంటే బతికాను, కుడివైపుంటే కొంప మునిగింది. ఆ ఎడమవైపావిడ బిడ్డింగ్‌లో ఒకసారి గొంతు కలిపింది కదా, ఏమీ లేకుండా ఎందుకు కలుపుతుంది? చిన్న క్లబ్ వేశాను. ఆవిడా చిన్నదే వేసింది. ఆసు వెయ్యమందామని నాలిక చివరిదాకా వచ్చింది, ఆసు వేస్తే ఆ పట్టుకి భయం ఉండదు మరి. ఆపుకుని రాణి అన్నాను.

కుడివైపాయన చిన్న ముక్క వేశాడు. రాణి నిలబడింది!

తొమ్మిది! కుర్చీలోంచి లేచాను కూడా. మాస్టారు దూరం నుంచి చూసి తలూపారు. మెట్లు దిగుతుంటే కాళ్లు నేల మీద ఆనలేదు. ఇరవై ఆరేళ్లుగా వేరెవరో రాసిన చీటీ చూసి మందులిస్తున్నాను. ఇవాళ నా బుర్రతో నేనొకటి తేల్చుకున్నాను, అది నిజమైంది. ఎంత బాగుందో!

ఫిబ్రవరి 21, మంగళవారం

మాస్టారు ఆపి మాట్లాడారు. వచ్చే నెల క్లబ్ టీమ్ బయట ఊరి వాళ్లతో ఆడబోతోంది. ఒక జత ఖాయమైంది, ఇంకో జతకి చోటుంది. మార్చి నాలుగున పోటీ పెట్టి, గెలిచిన జతని తీసుకుంటారు.

అక్కడితో ఆపితే బాగుండేది. ముక్కలు మీకు బాగానే పడుతున్నాయమ్మా, ఆట కూడా వచ్చేసింది, రానిది పాస్ అన్న మాటొక్కటే అన్నారు. ఇది పెళ్లిచూపులు కాదు, ఎదుటివాళ్లేమంటే దానికల్లా తలూపడానికి అన్నారు. ఆ రోజూ ఇలాగే ఆడితే మిమ్మల్నిద్దర్నీ విడదీస్తాను, ఆవిడకి వేరే జతని చూస్తాను, మీరు మళ్లీ కొత్తవాళ్ల టేబుల్లో మొదట్నుంచి కూర్చోవాలి అన్నారు.

కొత్తవాళ్ల టేబులా? ఫినెస్ చేసిన మనిషినా? ఒళ్లు మండింది. కానీ ఆయనన్నది అబద్ధం కాదు. ఆ కుర్చీ నాకు కావాలి. వియ్యపురాలికి ఎదురుగా ఉన్న ఆ కుర్చీయే కావాలి.

ఫిబ్రవరి 25, శనివారం

బస్సులో పక్కపక్కన కూర్చున్నాం. ఊపిరి బిగబట్టి చెప్పేశాను: వదినగారూ, ఆ రోజు నా దగ్గర హార్ట్ ఒకటే ఉంది, మొహమాటానికి మూడన్నాను.

ఆవిడ నోరు తెరుచుకుని నా వైపే చూసింది. అయ్యో రామా, మీరు మూడన్నారంటే నిండుగా ఉన్నాయనుకుని కదా నేను నాలుగుకి ఎగబాకాను అంది. ఇంకోటి కూడా చెప్పింది. నేను తప్పు ముక్క వేసిన ప్రతిసారీ ఆవిడకి అరవాలనిపిస్తుందట. కోడలి తల్లి, బాధపడుతుందేమో, రేపు పిల్ల మొహం ఎలా చూడాలి అని నాలిక కరుచుకుంటోందట!

అదన్నమాట! నేను ఆవిడకి, ఆవిడ నాకు, మూడు నెలలుగా మర్యాదగా అబద్ధాలాడుకుంటున్నాం. పదిహేను మాటల భాషలో ఒక్క అబద్ధం చొరబడినా మిగతా పద్నాలుగూ చెడతాయి.

ఇకనుంచి ఉన్నదున్నట్టే అనుకుందాం వదినగారూ అంది. తప్పకుండా వదినగారూ అన్నాను. దిగేటప్పుడు ముందు మీరంటే ముందు మీరని నిలబడిపోయి స్టాప్ దాటిపోయాం.

మార్చి 1, బుధవారం

వాళ్లింట్లో ప్రాక్టీస్. ఆవిడ మూడు స్పేడ్స్ అంటే నేను పాస్ అన్నాను. ఆవిడ మొహం మాడింది. నాకు ముచ్చెమటలు పోశాయి.

వంటింట్లో మా అమ్మాయిని పక్కకి లాగి, మీ అత్తయ్య నీ మీద చూపిస్తుందేమోనే అన్నాను. అది పడీపడీ నవ్వింది. నువ్వు కాదన్న రోజు అత్తయ్య బాగానే ఉంటుందమ్మా, మీరిద్దరూ ఓడిన రోజు రాత్రికి మాత్రం మాకు అన్నం పెట్టేవాళ్లుండరు, నా మంచి కోరితే గెలువు అంది. ఇదీ నా కడుపున పుట్టినది!

మార్చి 4, శనివారం, మధ్యాహ్నం 1:15

బ్యాగ్‌లో కళ్లజోడు ఉందో లేదో మూడుసార్లు చూసుకున్నాను. వెళ్తున్నాను.

అదే రోజు, సాయంత్రం 6:30

రాయాలి. మొత్తం రాయాలి, లేకపోతే రేపటికి నేనే నమ్మను.

నాలుగు జతలు, రెండు టేబుళ్లు, అవే ముక్కలు రెండు చోట్లా. చివరి చేతికి వచ్చేసరికి మేమూ రెండో టేబుల్లో మాలాగే కూర్చున్న జతా సమానం. మా మీద ఆడుతున్నది డెంటిస్టు గారు, ఆయన చెల్లెలు. ఆయన నా ఎడమవైపు, చెల్లెలు కుడివైపు.

వదినగారు ఒక స్పేడ్ అంది. నా దగ్గర ఆరు డైమండ్స్ ఉన్నాయి, పైన ఆసూ రాజూ. రెండు డైమండ్స్ అన్నాను. ఆవిడ మూడు స్పేడ్స్. నాలుగన్నాను, ఈసారి మొహమాటానికి కాదు, రెండు స్పేడ్స్ నిజంగానే ఉన్నాయి. ఆవిడ నాలుగు నో ట్రంప్ అని నా ఆసులెన్నో అడిగింది. ఒకటే అని చెప్పాను. ఆరు స్పేడ్స్ అంది! అంటే పన్నెండు పట్లు. చెల్లెలు పాస్. నేను పాస్.

డెంటిస్టు గారు డబుల్ అన్నారు. మీ వల్ల కాదు, పాయింట్లు రెట్టింపు అని. వదినగారు గడ్డం పైకెత్తి పాస్ అంది. చెల్లెలు పాస్. మళ్లీ నా వంతు. నేను పాస్ అంటే ఇక అంతే.

ఆయన ఎందుకన్నాడు? ఇంత పెద్ద ఆటకి డబుల్ అంటే అది దబాయింపు కాదు, జతకి కబురు అని మాస్టారు చెప్పారు. ఎదుటి జతలో ఆడని మనిషి అన్న రంగు వెయ్యమని అడగడం. అంటే నా డైమండ్స్. అంటే ఆయన దగ్గర డైమండ్ ఒక్కటీ లేదు! చెల్లెలు డైమండ్ వేస్తుంది, ఆయన చిన్న స్పేడ్‌తో, తురుపు కదా, దాన్ని కొట్టేస్తాడు. పైగా ఒక ఆసు వాళ్ల దగ్గరుంది, అందుకేగా వదినగారు ఏడుకి వెళ్లకుండా ఆగింది. రెండు పట్లు పోయినట్టే. ఆరు స్పేడ్స్ మునిగినట్టే.

తురుపే లేకపోతే? నో ట్రంప్ అయితే ఆయన దేనితో కొడతాడు?

కానీ ఆవిడ స్పేడ్స్ అని మూడుసార్లంది. గదిలో అందరి ముందూ, మీ స్పేడ్స్ వద్దండీ అని వియ్యపురాలితో అనాలి. అమ్మాయి మొహం కళ్లముందు మెదిలింది. కొత్తవాళ్ల టేబులూ మెదిలింది.

ఆరు నో ట్రంప్ అన్నాను.

వదినగారు నా వైపు చూసిన చూపు! పిల్లల పెళ్లిలో భోజనాలు ఆలస్యమైనప్పుడు కూడా అలా చూడలేదు.

నో ట్రంప్ అన్న మాట మా ఇద్దరిలో ముందు అన్నది ఆవిడే గనక ఆడాల్సింది ఆవిడే. నేను నా ముక్కలు బల్ల మీద పరిచి బొమ్మలా కూర్చోవాలి. నోరు విప్పకూడదు. చెల్లెలు అన్నగారి కబురు మరిచిపోలేదు, డైమండ్ వేసింది. అన్నగారు తన ముక్కల్లోకి దిగులుగా చూసుకుని ఒక హార్ట్ పడేశారు. కొట్టడానికి తురుపేదీ?

అది చూశాక వదినగారికి వెలిగింది. చెయ్యి వెనక్కి తీసుకుంది. పెదవులు కదులుతున్నాయి, లెక్క! నేను లోపల ఆవిడతోపాటే లెక్కపెడుతున్నాను. డైమండ్స్ ఆరూ తీసింది. తర్వాత స్పేడ్స్, ఒకటి తర్వాత ఒకటి, ఎక్స్‌ఛేంజ్‌లో లైన్లు కలిపినంత వేగంగా. చివరి పట్టుకి డెంటిస్టు గారి చేతిలో మిగిలింది క్లబ్స్ ఆసు. దాన్ని ఆవిడ హార్ట్స్ ఆసు కింద పారేశారు.

పదమూడూ మావే! రెండో టేబుల్లో ఆరు స్పేడ్స్ ఆడి ఒకటి పోగొట్టుకున్నారు. సీటు మాది!

నేను ఏడ్చేశాను. మాస్టారు చప్పట్లు కొట్టారు. వదినగారు మాత్రం ముక్కలు సర్ది, బ్యాగ్ తీసుకుని, బస్సులో కిటికీ వైపు కూర్చుంది. దిగేదాకా ఒక్క మాట లేదు.

మార్చి 5, ఆదివారం

ఫోన్ లేదు. నేను చెయ్యలేదు. సీటు వచ్చింది గానీ మనిషి పోయిందా? అమ్మాయిని అడిగితే, అత్తయ్య పొద్దుటి నుంచి పేక ముందేసుకుని కూర్చుంది, ఎవరైనా పలకరిస్తే కసురుకుంటోంది అంది.

మార్చి 7, మంగళవారం

ఇవాళ తప్పు ముక్క వేశాను. ఏమే, నిద్రపోతున్నావా, ఆ క్లబ్ దాచుకుని ఏం చేస్తావే అని వదినగారు గది దద్దరిల్లేలా అరిచింది. నాలుగు టేబుళ్లూ ఆగిపోయాయి.

నువ్వు ముందు ఆ స్పేడ్స్ పిచ్చి తగ్గించుకోవే అన్నాను.