దారం కొరికే పన్ను

ప్రియమైన శ్రీవారికి,

మీ ఉత్తరం అందింది. హోటల్లో మీ క్లారినెట్ వింటూ జనం ప్లేటులో చెయ్యి పెట్టడం మర్చిపోతున్నారని రాశారు, సంతోషం. పళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్ళారా అన్న నా ప్రశ్నను మాత్రం ఎప్పటిలాగే మింగేశారు.

"నొప్పి లేదుగా" అనకండి. నొప్పి వచ్చేదాకా ఆగితే ఇక పీకడమే మిగులుతుందని మా అన్నయ్య విషయంలో చూశాం. పై పళ్ళు ఆనకపోతే ఆ వాద్యం పలకదని మీరే చెప్పారు. అది పలకకపోతే మీరు మనిషి కారు. నా బెంగ అదీ.

మీ దర్జీ

*

ప్రియమైన దర్జీగారికి,

నీ పోరు పడలేక ఒప్పుకున్నాను. అసలు సంగతి విను, నాకు భయం. కుర్చీలో వెనక్కి వాల్చి, ముందు పన్ను తీసెయ్యాలంటే? బ్యాండులో నా చోట రేపే ఇంకొకడు కూర్చుంటాడు. అందుకే ఇన్నాళ్ళూ ముఖం చాటేశాను.

కానీ ఒక షరతు. నేను వెళ్తే నువ్వూ వెళ్ళాలి. పక్కనే కత్తెర పెట్టుకుని పక్క పన్నుతో దారం కొరికే మనిషివి, నాకు నీతులు చెప్తావా?

నీ పిరికి మొగుడు

*

ఏమండీ,

గార తీసి, చిన్న పుచ్చు ఒకటి పూడ్చి పంపేశారని చదివి మిషను ఆపి మరీ నవ్వుకున్నాను. ముందు పళ్ళు గట్టిగా ఉన్నాయన్నారా! ఆ మాత్రానికి ఇన్నేళ్ళు తప్పించుకు తిరిగారు.

మాట ప్రకారం నేనూ వెళ్ళాను. డాక్టరమ్మ పళ్ళతో ఆగలేదు, నాలుక కిందా, బుగ్గల లోపలా అద్దం పెట్టి చూసింది. ఎడమ బుగ్గ దగ్గర చెయ్యి ఆగింది. లోపల తెల్లటి మచ్చ ఉందట. నాకు నొప్పి లేదు, మంటా లేదు.

దారం కొరికి కొరికి పన్ను అంచు విరిగిందట. అది ఒరుసుకుని మచ్చ పడి ఉండొచ్చు, కాకపోనూ వచ్చు అంది. అంచు నున్నగా అరగదీసి రెండు వారాల తర్వాత రమ్మంది. అప్పటికీ తగ్గకపోతే చిన్న ముక్క తీసి పరీక్షకు పంపాలట. క్యాన్సరేమో చూడ్డానికా అని అడిగాను. అవునంది.

భయంగా ఉందండీ. అయినా ఉద్యోగం వదిలేసి రాకండి.

మీ దర్జీ

*

బంగారం,

సాయంత్రం ఒక్క పాటా సరిగా రాలేదు. సెలవు అడిగితే నెలాఖరుకి గాని కుదరదన్నారు.

నువ్వు పొద్దస్తమానం ఆ చోటు నాలుకతో తడుముకుంటూ ఉంటావని తెలుసు. వద్దు. ఏ మాత్రం తేడాగా ఉన్నా ఒక్క ముక్క రాయి. క్లారినెట్ ఇక్కడే పడేసి వచ్చేస్తాను. నువ్వు ఉంటేనే నేను మనిషిని, అది ఉంటే కాదు.

నీ వాడు

*

ప్రియమైన శ్రీవారికి,

క్లారినెట్ పడేయకండి. మచ్చ పోయింది!

డాక్టరమ్మ లైటు దగ్గరికి లాగి రెండుసార్లు వెతికింది. "మామూలుగా అయిపోయిందమ్మా, ఆ పన్ను చేసిన పనే" అంది. నాకు కళ్ళవెంట నీళ్ళు ధారగా కారిపోయాయి. నొప్పెడుతోందా అని ఆవిడ కంగారుపడింది. నోరు తెరుచుకుని ఉన్నదాన్ని, ఏం చెప్పను? తల అడ్డంగా ఊపాను.

తర్వాత అడిగాను, చూపించుకోకపోతే ఏమయ్యేదని. "ఏమయ్యేదో తెలీకుండానే ఉండాలనేగా, నొప్పి లేనప్పుడు రమ్మనేది" అంది. ఇన్నేళ్ళూ మిమ్మల్ని తరిమానే గానీ, ఆ గడప నేనెప్పుడు తొక్కాను? మీరు షరతు పెట్టబట్టి వెళ్ళాను.

ఆరు నెలల తర్వాత మళ్ళీ రమ్మంది. మీకూ, నాకూ ఒకే పొద్దున పేర్లు రాయించాను. కత్తెరకి తాడు కట్టి మెళ్ళో వేసుకున్నాను. అయినా నిన్న గుండీ కుట్టి, దారం నోటిదాకా తెచ్చి, ఆగి, ఒక్కదాన్నే పకపకా నవ్వాను.

నెలాఖరుకి వచ్చేటప్పుడు ఆ వాద్యం తీసుకురండి. మిషను ఆపేసి వింటాను.

మీ దర్జీ