సీటు ఎత్తు

నా బంగారు తల్లికి,

నీ ఉత్తరం అందింది. కొండ మీది ఊళ్లన్నిటికీ నిన్నే పశువుల డాక్టరుగా వేశారన్న మాట చదివి, పట్టలేని సంతోషంతో మిషన్ ఆపేసి వీధిలో కనపడిన వాళ్లందరికీ చెప్పాను. మీ అమ్మ రెండుసార్లు చదివించుకుంది. అంత గొప్ప కబురు ఒక్క ముక్కలో రాసి, ఆ బైకుల షాపువాడి కూతలకు మూడు పేజీలు ఎందుకు తగలేశావే?

చిన్న బండి ఇచ్చి పెద్దది తీసుకుంటానంటే, "కాళ్లే అందట్లేదు, పెద్ద బండి మీకెందుకమ్మా? చిన్నదే ఉంచుకోండి" అన్నాడా? నలుగురిలో నవ్వాడా? నా ఒళ్లు మండిపోతోంది. మందుల పెట్టెతో ఆ చిన్న బండి కొండ ఎక్కలేక ఆగిపోతే వాడొచ్చి నెడతాడా? వాడి మాటకు తలూపి వచ్చేశావు చూడు, నీమీద కూడా కోపమే.

ఇన్నాళ్లూ ఒక సంగతి దాచాను. చిన్న బండి కొన్నప్పుడు కూడా నీ మడమలు నేలకు ఆనలేదు. నువ్వు బస్సులో కాలేజీకి వెళ్లినప్పుడు దాని సీటు విప్పి, లోపలి స్పాంజి రెండంగుళాలు కోసి మళ్లీ కుట్టేశాను. ముప్పై ఏళ్లుగా బండ్ల సీట్లు కుట్టేవాణ్ణి, నాకదో పనా? వారంలో అలవాటైపోయిందని నువ్వు గంతులేశావు, నేను నోరు మూసుకున్నాను.

కాబట్టి చిన్నది ఇచ్చేసి పెద్దది తీసుకో. దాని సీటు విప్పించి బస్సులో పంపు, నేనే కోసి కుట్టి ఇస్తాను. పాత బండి సీటు మాత్రం వాడికివ్వకు. అది నా కూతురి కొలత. దాని బదులు వేరేది కుట్టి పంపుతాను, వాడి కాళ్లే అందనంత ఎత్తుగా.

మీ నాన్న