పీత మామ్మ వెయ్యని కేక

యారాడ,
24 జులై 2025.

అన్నయ్య అప్పలరాజుకి,

చెల్లెలు ఈశ్వరి నమస్కారాలు. ఉత్తరంలో ముందుగా అందరం క్షేమమని రాయాలంటారు. నేను, మీ బావ, పాప బాగానే ఉన్నాం. అమ్మని ఆ మాటలో కలపలేక విడిగా రాస్తున్నాను. నేను చదివింది ఐదో తరగతి వరకే, తప్పులుంటే సర్దుకుని చదువుకో. ఫోను చేస్తే నువ్వు ఎత్తడం లేదు. ఎత్తినా నీ ముందు నాకు నోరు పెగలదు. గంగరాజు మావయ్య గుజరాత్‌కి, మీ వెరావల్‌లో బోటెక్కడానికి వస్తున్నాడు కదా, ఆయన చేతికి ఇస్తున్నాను.

వానాకాలానికి అక్కడ వేట ఆపగానే మన ఊరి వాళ్లంతా రైలెక్కి వచ్చేశారు. నువ్వొక్కడివే రాలేదు. బోటు కాపలాకి ఉండిపోయాడని మావయ్య అన్నాడు. అమ్మ నమ్మినట్టే తల ఊపింది.

నీ కోపం ఎందుకో నాకు తెలుసు. మా అమ్మ గొంతు సినిమాలో వస్తుందని బోటులో అందరికీ చెప్పుకున్నావు. తీరా ఫోనులో ఆ సినిమా ముక్క చూస్తే ఎవరో వేరే ఆవిడ గొంతు. ఏరా, మీయమ్మ పీత కన్నంలో దూరిపోనాదేటి అని మీ బోటులో కోటి అంటే అందరూ నవ్వారట. ఆ రోజే నువ్వు ఫోను చేసి, కొబ్బరిచిప్ప పడవకి కూడా శకునమేటమ్మా, బొమ్మకి ఓ కేకేత్తే నీ సొమ్మేటి పోనాది అని అరిచావు. మళ్లీ మాట్లాడలేదు.

నువ్వు వేటలో ఉండేవాడివి, టీవీలో ఆ పీతల బొమ్మల కథ ఒక్కసారైనా చూడలేదు. అందుకే మొదటి నుంచి రాస్తున్నాను. ఆ కథ కోసం సముద్రం చప్పుడు పట్టుకోవడానికి మన ఊరొచ్చిన టీవీ వాళ్లు, అమ్మ చేపల దగ్గర గొడవపడుతుంటే విని, మా పీత మామ్మకి ఈ గొంతే కావాలన్నారు. అమ్మకి చదవడం రాదు కదా, సంగతి చెబితే తన మాటల్లోనే అనేది. మనవడి పీత కొబ్బరిచిప్ప పడవలో ఊరంతా తిరిగి ఒడ్డుకి రాగానే పేరు పెట్టి పిలిచి, ఓరి సచ్చినోడా, కూడు సల్లారిపోతంది, బేగి రా అని కేకేసేది. అమ్మ పూర్ణా మార్కెట్‌లో గంప దించితే పిల్లలు మూగి, మామ్మా, ఓసారి తిట్టవా అని అడిగేవారు.

ఆ కథనే సినిమాగా తీసినప్పుడు కూడా గొంతుకి అమ్మనే పిలిచారు. తోడుగా నేను వెళ్లాను. అన్నీ చక్కగా చెప్పింది. ఆఖర్న మనవడు పెద్ద సముద్రంలోకి పడవ తోసుకుని వెళ్లిపోతుంటే, మామ్మ ఒడ్డున పరిగెడుతూ పేరు పెట్టి పిలవాలన్నారు. అమ్మ పిలవలేదు. ఎళ్తన్నోడ్ని ఎనకాల్నించి పిలవకూడదు బాబూ అంది. ఇది బొమ్మ కదా మామ్మా అన్నారు వాళ్లు, ఓపిగ్గానే. పోనీ తిరిగొచ్చినప్పుడు పిలుత్తాను, మీకెంత గట్టిగా కావాలంటే అంత గట్టిగా పిలుత్తాను అని బతిమాలింది. కథ అలా కుదరదన్నారు. వాళ్ల తప్పు కూడా ఏమీ లేదు. కేక ఒకరిది, మాటలు ఒకరివి అయితే అతకదని మొత్తం వేరే ఆవిడ చేత చెప్పించారు.

గాజువాక హాల్లో చూశాం. అప్పుడు వేసవి నిషేధం, మన వైపు వేట లేదు కాబట్టి మగాళ్లు కూడా వచ్చారు. ఆ కేక దగ్గర హాలంతా ఏడ్చింది. మన వరసలో ఆడవాళ్లు మాత్రం ఓలమ్మో, పిలిసేసినాదే అని గుండెల మీద చేతులేసుకున్నారు. అమ్మ కళ్లు మూసేసుకుంది.

మర్నాడు మీ బావ పేపరు తెచ్చి చదివాడు. టీవీ బొమ్మల్ని సాగదీశారని, రంగులు బాగున్నా కథలో సత్తువ లేదని, పాటలు ఎక్కువయ్యాయని రాశారు. ఆ ఒక్క కేక కోసం మాత్రం పిల్లల్ని తీసుకెళ్లవచ్చట. టీవీలో మామ్మది ఒట్టి మోటు గొంతట, తిట్టడమే గాని ప్రేమించడం ఎరగదట. ఈ మామ్మకి మనసుందట. మీ బావ మధ్యలో ఆగిపోతే, ఆపేసినావేటి బాబూ, సదువు అంది అమ్మ. అంతా విని, నిజమే, ఆవిడ బాగా పిలిసినాది అంది. ఎండుచేపల గంప ఎత్తుకుని వెళ్లిపోయింది.

ఫోనుల్లో సినిమాల గురించి చెప్పేవాళ్లదీ అదే మాట. కుళాయి దగ్గర ఆడవాళ్లు, గంగాలమ్మా, ఊరంతటి మీదా కేకలేత్తావు, ఆ ఒక్కటే కరువైపోనాదేటి అని వేళాకోళం చేశారు. అప్పట్నుంచి అమ్మ బేరంలో గొంతెత్తడం లేదు. అడిగినంతకే ఇచ్చేస్తోంది. పిల్లలు తిట్టమంటే నవ్వి ఊరుకుంటోంది. మన పాప టీవీ పెడితే లేచి బయటికి పోతోంది.

పేపరు వాళ్ల మాట తగల్లేదని కాదు అన్నయ్యా. వాళ్లు అమ్మని ఎరగరు, చూసింది రాశారు. నువ్వు కొడుకువి.

ఒక్కటే అడుగుతాను. బోటు కదిలేలోగా అమ్మకి ఓసారి ఫోను చెయ్యి. తనంతట తాను చెయ్యదు. నువ్వు ఏ ఘడియలో బయలుదేరతావో తెలియదు కదా, అప్పుడు ఫోను మోగితే వెనక నుంచి పిలిచినట్టవుతుందని భయం. ఫోను ఒళ్లో పెట్టుకుని కూర్చుంటుంది, అంతే.

ఏమైనా ఎక్కువ రాసి ఉంటే చిన్నదాన్నని ఊరుకో. వేళకి తిను.

నీ చెల్లెలు,
ఈశ్వరి

తా.క. చెప్పొద్దని అమ్మ నా చేత ఒట్టు వేయించుకుంది. అయినా రాస్తున్నాను. సినిమాలో ఆ మనవడి పేరు విహాన్ అని విన్నావు కదా, అది పట్నం పిల్లల కోసమని వాళ్లు చివర్లో మార్చిన పేరు. టీవీలో ఆ పీతకి పేరు పెట్టమని వాళ్లు అమ్మనే అడిగారు. అమ్మ నీ పేరు పెట్టింది, అలాగైనా నిన్ను రోజూ కూటికి పిలుచుకోవచ్చని. అమ్మ గొంతు ఇవ్వడానికి మేము వెళ్లిన రోజుకి సినిమాలోనూ అదే పేరు. ఆ పొద్దున్నే బోటు హార్బరు దాటుతోందని నువ్వే ఫోను చేసి చెప్పావు. వాళ్లు అమ్మని పిలవమన్నది నిన్ను, అన్నయ్యా.