లెక్కల సారు పేరు కొట్టివేయుట గురించి

నాచారం,
12 సెప్టెంబరు 2008.

మండల విద్యాధికారి గారి సముఖమునకు,

అయ్యా,

విషయం: గణిత శిక్షణనిచ్చు వారి జాబితా నుండి నా పేరు తొలగించుట, ఏడవ తరగతి గౌతమిని బడిలో మరల చేర్చుకొనుట గురించి.

నారపల్లి అవతలి పల్లె బడిలో ఇరువది యేండ్లుగా లెక్కలు చెప్పుచున్న వీరేందర్ అను నేను విన్నవించుకొనునది:

1. గత మే నెలలో ఉప్పల్‌లో జరిగిన పది దినముల గణిత శిక్షణకు నేను పూర్తిగా హాజరైనట్లు పట్టికలో ఉన్నది. సంతకములు నావే. హాజరు అబద్ధము. ఉదయం సంతకము చేసి, చాయ్ తాగి, నాచారంలో ఇంటికి పోయి కూలర్ ముందర పండుకొంటిని. ఆ పట్టిక చూసియే తమరు నన్ను వచ్చే నెల తోటి ఉపాధ్యాయులకు శిక్షణనివ్వమని ఎంపిక చేసినారు.

2. జులైలో భిన్నాల గుణకారం చెప్పుచుండగా గౌతమి లేచి, "సార్, గుణిస్తే పెరగాలె గద? సగాన్ని సగంతోని గుణిస్తే పావెట్ల అయితది?" అని అడిగినది. నాకు జవాబు తెలియదు. "పుస్తకంల గట్లనే ఉన్నది, రాస్కో" అంటిని. మళ్ళీ అడిగినది. "నీకు ఈ జన్మల లెక్కలు రావు, బయటికి నడువ్" అని గంటసేపు వరండాలో నిలబెట్టితిని. మరునాటి నుండి ఆ పిల్ల బడికి రాలేదు. నేను వాకబు చేయలేదు. నిజం చెప్పవలెనంటే, ప్రశ్నల పీడ పోయినదని సంతోషపడితిని. నెల దాటగా రిజిస్టరులో ఆమె పేరు కొట్టివేసినది నేనే.

3. పోయిన వారం ఉప్పల్ బస్టాపులో ఆమె తల్లి ఐలమ్మ కలిసినది. నాచారంలో ఒక కంపెనీలో ప్యాకింగు పని చేయును. పక్కన గౌతమి, చేతిలో టిఫిన్ డబ్బా. "నాతోనే పనికి తీస్కపోతున్న సార్. లెక్కలు రావని మీరే అంటిరి గద. మిమ్ముల సతాయించిందట, ఏమనుకోకున్రి" అని ఆ తల్లి నన్నే క్షమాపణ అడిగినది.

4. మరునాడు, శిక్షణలో పది దినములూ కూర్చున్న మా బడి హిమజ మేడమును అడిగితిని. ఆమె ఒక కాగితమును సగానికి మడిచి, ఆ సగాన్ని మళ్ళీ సగానికి మడిచి విప్పినది. నాలుగు గడులు. "సగంతోని గుణించుడంటే అండ్ల సగం తీసుకునుడే సార్. మొదటి రోజే చెప్పిన్రు" అన్నది. రెండు నిమిషములు పట్టలేదు.

5. ఆదివారం వాళ్ళింటికి పోయి, గడప మీద కూర్చుండి, గౌతమికి కాగితము మడిచి చూపితిని. "తప్పు నాది బిడ్డా, నాకే రాకుండె" అంటిని. ఆ పిల్ల విప్పి చూసి, "గింతేనా సార్? గప్పుడే జెప్తే అయిపోవు గద" అన్నది. ఐలమ్మ కొంగుతో మొహం తుడుచుకొన్నది. సోమవారం పిల్లను తనే బడికి తోలుకొచ్చినది. రిజిస్టరులో పేరు లేకుండనే కూర్చుంటున్నది. తమ ఉత్తర్వు లేనిదే చేర్చుకొన వీలు లేదని హెడ్మాస్టరు గారు అనుచున్నారు.

కావున గౌతమి పేరు ఎక్కించి, నా పేరు కొట్టివేసి, నన్ను నేర్చుకొను వారి వరుసలో వేయగలరని ప్రార్థన. దొంగ సంతకములకు ఏ శిక్ష వేసినను ఒప్పుకొందును. పిల్ల సంగతి మాత్రం ముందుగా చిత్తగించవలెను.

అట్లు చెప్పుకొనుటకు మొహం లేకున్నను,
తమ విధేయుడు,
ఎ. వీరేందర్,
గణిత ఉపాధ్యాయుడు.

తా.క.: సారూ, నిన్న గౌతమి మళ్ళ లేసింది. "భాగహారంల రెండో భిన్నాన్ని తిరగేసి గుణించుడెందుకు సార్?" అన్నది. క్లాసంత నా దిక్కే సూసిన్రు. "తెల్వదు బిడ్డా, నేర్చుకొని జెప్త" అన్న. ఇరవై ఏండ్లల్ల గా మాట అనుడు గిదే మొదలు. హిమజ మేడం లీవుల ఉన్నది. శిక్షణ జర జల్ది పెట్టించున్రి.