పేరు రాయవలసిన చోటు

మండింగ్,
ఉపవాసాల నెలకు ముందు

ప్రియమైన వులన్ నాన్నకి,

మీరు క్షేమమని తలుస్తాను. ఇక్కడ మేమూ బాగానే ఉన్నాం. వులన్‌కి ముందు పన్ను ఊడింది. నాన్న వచ్చేదాకా నవ్వనని మూతి బిగించుకుని తిరుగుతోంది, అన్నం దగ్గర తప్ప.

మీరు పనిచేసే తోటకి ఫోను అందదు కాబట్టి ఈ ఉత్తరం గురువారం పడవ ఎక్కాలి, మీ జవాబు ఇంకో పడవలో దిగాలి. అందుకే తిన్నగా విషయానికి వస్తాను. రోడ్డు మీది పెద్ద కొట్టుకి ఇక తోలు సరుకు వెయ్యనని చెప్పేశాను. మనం కుట్టిన పర్సు మీద వాళ్ళ పేరు పడుతున్నంత కాలం మనకంటూ ఏమీ మిగలదు. కొనేవాళ్ళ పేరే అచ్చు వేసి నేరుగా వాళ్ళకే అమ్ముదామని మీరు వెళ్ళేటప్పుడు అన్నారు కదా. ఎక్కడ అమ్మాలన్నదే తేలడం లేదు.

ఫోనులో రెండు దారులున్నాయి. ఒకటి అందరూ ఎగబడే ఆన్‌లైన్ బజారు. జనానికి కొదవ లేదు, కానీ అక్కడ చీపురుకి ఎలాగో మన బెల్టుకీ అలాగే, కొనడానికి ఒక బటన్ ఉంటుంది, అంతే. ఏ పేరు కావాలి, ఏ రంగు దారం, అక్షరాలు లావా సన్నమా అని అడిగే చోటే లేదు. అదంతా తర్వాత మెసేజీల్లో కనుక్కోవాలి. రెండోది నెలనెలా అద్దె కట్టే సొంత దుకాణం. అందులో పేరు రాసుకోవడానికి ఒక గడి ఉంటుంది, రాయగానే తోలు మీద ఎలా పడుతుందో బొమ్మ కనిపిస్తుంది. అయితే అది ఊరి చివరి కొట్టు లాంటిది, జనాన్ని మనమే పిలుచుకోవాలి.

పండగ కాగానే మీ ఒప్పందం తీరుతుంది. దుకాణం నిలబడితే మళ్ళీ సంతకం పెట్టనని మాటిచ్చారు. అందుకే ఏదో ఒకటి ఎంచుకోవడానికి చెయ్యి ఆడడం లేదు. మీ అన్నగారు బజారే మేలంటున్నారు. మీరెలా అంటే అలా. మన ఊరి మాటలో, మనుత్.

మీ
రుమిని


మహాకం నది ఎగువ, పామాయిల్ తోట,
ఉపవాసాల మొదటి వారం

ప్రియమైన వులన్ అమ్మకి,

నీ ఉత్తరం చెమ్మకి ఉబ్బిపోయి చేరింది. ఇక్కడ అన్నీ అంతే, కట్టుకున్న లుంగీ కూడా ఆరదు. ఎటు చూసినా ఒకటే చెట్టు, ఒకటే వరస. పొద్దున బయల్దేరిన చోటికే సాయంత్రం వచ్చి పడతాం. బయటికి దారి నది ఒక్కటే. పడవెక్కాలంటే గుర్తింపు కార్డు కావాలి, అది ఆఫీసు బీరువాలో ఉంది. ఒప్పందం తీరితే గానీ ఇవ్వరు.

దుకాణం గురించి గెలలు కోస్తూ చాలా ఆలోచించాను. తన పేరు ముందే తోలు మీద కనిపిస్తే కొనేవాడికి ముచ్చటేస్తుంది, కాబట్టి అద్దె దుకాణమే బాగుందనిపిస్తుంది. కాసేపటికి, జనమే రాని చోట ఆ బొమ్మ ఎవరికి చూపిస్తాం అనిపిస్తుంది. అన్నయ్య నాలుగు ఊళ్ళు తిరిగినవాడు. సుత్తి పట్టేది మాత్రం నువ్వు. నీకు తెలిసినంత నాకు తెలియదు. నువ్వెలా అంటే అలా, నేనూ మనుత్.

మేస్త్రి సుక్రి మొన్న భుజం మీద చెయ్యి వేసి, "ఇంటికెళ్ళి ఏం పొడుస్తావోయ్, ఇంకో రెండేళ్ళు ఉండిపో" అన్నాడు. ఇంటికి రాసి చెబుతానన్నాను. నువ్వేమంటావు?

నీ
జుమాది


మండింగ్,
ఉపవాసాలు సగం గడిచాక

ప్రియమైన వులన్ నాన్నకి,

నేను మిమ్మల్ని చెప్పమన్నాను, మీరు నన్ను చెప్పమన్నారు. మధ్యలో మీ అన్నగారు తన ఫోనులో బజారు కొట్టు తెరిచేశారు. మర్సుది బావగారి మాటకి ఈ ఇంట్లో ఎదురేముంది? నేను తలూపాను.

ఆర్డర్లు రాలేదని అనను. వచ్చాయి, మీద పడ్డాయి. రెండో రోజుకల్లా సరుకు బయల్దేరాలని వాళ్ళ నియమం. తోలుకి వేసిన రంగు ఆరడానికే ఆ సమయం చాలదు. ఆలస్యమైతే మన కొట్టుని ఎవరికీ కనపడని అడుగుకి తోసేస్తారు. ఒక్క పూట మూయడానికి లేదు. అమ్మమ్మ పోయిన వెయ్యో రోజు ప్రార్థనకి చుట్టాలంతా చాపల మీద కూర్చుంటే, నేను వెనక గదిలో ఎవరెవరివో పేర్లు కొడుతున్నాను. గానుగెద్దుకైనా రాత్రికి కాడి దించుతారు.

ఇంకో ఘనకార్యం వినండి. సెమరాంగ్‌లో ఒకామె వాళ్ళ నాన్నకి పండగ కానుకగా బెల్టు అడిగింది. ఏ పేరు, ఎలాంటి అక్షరాలు అని బావగారు మెసేజీలో అడిగారు. ఆమె "మనుత్" అని జవాబిచ్చింది. అక్షరాల సంగతి మీరే చూసుకోండని ఆమె భావం. బావగారు దాన్నే పేరనుకుని నాకు పంపారు. పక్క ఊళ్ళో మనుత్ అనే గొర్రెల వ్యాపారి ఒకడున్నాడు కదా, నాకూ అనుమానం రాలేదు. పెద్ద అక్షరాలతో, మంచి అంచు గీసి మరీ కొట్టాను. బెల్టు తిరిగొచ్చింది. మా నాన్న నడుముకి మీ ఇష్టమని రాసి పంపుతారా అని ఆమె అందరూ చదివేలా తిట్టింది. బావగారు నన్ను కోప్పడ్డారు. పేరు పడ్డ సరుకు ఇంకెవరు కొంటారు?

ఎవరూ లేనప్పుడు ఆ బెల్టు నా నడుముకి చుట్టుకుని అద్దంలో చూసుకున్నాను. కొలత సరిగ్గా సరిపోయింది. నవ్వు రాలేదు, ఏడుపొచ్చింది.

సొంత దుకాణానికి మారిపోదామా? బావగారికి చెప్పడానికి నాకు నోరు పెగలడం లేదు, మీరు రాస్తే వింటారేమో. మేస్త్రి మాటకి నేనేం చెప్పను. ఎలాగోలా నెట్టుకొస్తున్నాం, మా గురించి బెంగ పెట్టుకోకండి. మీకేది మంచిదనిపిస్తే అది చెయ్యండి.

మీ
రుమిని


తోట నుంచి,
పండగ ముందు

ప్రియమైన వులన్ అమ్మకి,

మీరు నెట్టుకొస్తున్నారని తెలిసి నా మనసు కుదుటపడింది. నేను లేకపోయినా ఇల్లు నడుస్తోందంటే అది నీ గొప్ప.

ఇంకో రెండేళ్ళకి ఒప్పుకున్నాను. నా సంతకం అయిపోయింది. భార్య ఒప్పుకున్నట్టు సంతకం ఉంటే గానీ ఆఫీసులో కాగితం చెల్లదు. ఇందులో పెట్టి పంపుతున్నాను. అడుగున నీ పేరు రాయవలసిన చోట గీత ఉంది. పండగైన రెండో గురువారం పడవకి అందేలా పంపు.

బజారు కొట్టు సంగతి అన్నయ్య చూసుకుంటాడు. అన్నయ్యకి ఎదురు రాయడం నా వల్ల కాదు. నిన్న వంటవాడు సోయా గింజల టెంపే తీపిగా ఉడికించాడు. నీ చేతిది గుర్తొచ్చి సగం వదిలేశాను.

వులన్ పళ్ళన్నీ వచ్చేదాకా నవ్వకుండా ఉండదులే.

జుమాది


మండింగ్,
పండగ వెళ్ళాక

ప్రియమైన వులన్ నాన్నకి,

మీ ఉత్తరం చదివాక నాకు ఒళ్ళు మండింది. ముందు ఆ మాట రాసేస్తే తప్ప మిగతాది రాయలేను. బెంగ పెట్టుకోకండి అని ఏ పెళ్ళామైనా రాస్తుంది. అది చదివి మొగుడు రెండేళ్ళు అడివిలో ఉండిపోతాడా? ఉండిపోతారు, మీరు ఉండిపోతారు. నేను రమ్మని రాయలేదు, మీరు వస్తానని రాయలేదు. ఇద్దరం మర్యాదగా ఒకరినొకరు గదిలో పెట్టి గొళ్ళెం వేసుకున్నాం.

పండగ నాడు పెద్దల కాళ్ళకి మొక్కడం అయ్యాక బావగారు ఆ కాగితం చాప మీద పరిచి, పక్కన పెన్ను పెట్టారు. "ఇక్కడ నీ పేరు రాయమ్మా, రేపే పోస్టులో వేస్తాను" అన్నారు. రాయనన్నాను. మనవాళ్ళలో మొదటిసారి వద్దంటే మొహమాటం కింద లెక్క కదా, ఆయన నవ్వి పెన్ను ఇంకాస్త ముందుకి జరిపారు, తీపి పళ్ళెం జరిపినట్టు. మళ్ళీ రాయనన్నాను. అత్తయ్య వంటింట్లోంచి వచ్చి నిలబడింది. తమ్ముడి మాట నిలబెట్టవా అని ఆయన అడిగారు. "నాకాయన కావాలి బావగారూ" అన్నాను. అంతమందిలో ఆ మాట అన్నందుకు తల ఎత్తలేకపోయాను, కానీ వెనక్కి తీసుకోలేదు.

ఆ ఊపులోనే బజారు కొట్టుకి ఇక సరుకు చెయ్యనని కూడా చెప్పేశాను. ఆయన నాతో మాట్లాడడం మానేశారు. సొంత దుకాణం నేనే తెరిచాను. పేరు గడి నింపకపోతే ఆర్డరు ముందుకి కదలదు. రంగూ దారమూ వాళ్ళే ఎంచుకోవాలి, మీ ఇష్టం అని రాయడానికి ఎక్కడా చోటు ఉంచలేదు. సరుకు అందడానికి మూడు వారాలు పడుతుందని పైనే రాశాను. ఆగేవాళ్ళే కొంటారు. యజమాని పేరు అడిగితే రుమిని అన్నాను. ఇంటిపేరు కూడా కావాలని ఫోను మొండికేసింది. మనవాళ్ళకి ఇంటిపేర్లెక్కడివి? మళ్ళీ రుమిని అనే కొట్టాను. ఇప్పుడు నేను రుమిని రుమినిని.

ఇంతవరకు ఒక్కరూ కొనలేదు. మీ దగ్గర దాచను. ఈ దుకాణం నిలబడకపోవచ్చు, అప్పుడు మళ్ళీ రోడ్డు మీది కొట్టు గుమ్మం ఎక్కాల్సి రావచ్చు. ఎక్కుదాం, ఇద్దరం ఎక్కుదాం.

ఇంకో సంగతి. మీ తోటలోనే పనిచేసే వాగిమిన్ భార్య మొన్న సంతలో కలిసింది. కాగితం గురించి అడిగితే తెల్లబోయింది. తనదాకా ఏ కాగితమూ రాలేదట. భార్యల సంతకాలు అక్కడే పక్కవాడు గీకేస్తాడట, అడిగే నాథుడే లేడట. మీకూ ఆ సంగతి తెలుసు. అయినా ఆ కాగితాన్ని నది దాటించి, సముద్రం దాటించి నా చేతికి పంపారు.

అది చాప కింద పెట్టేశాను. సంతకం లేదు కాబట్టి మీ కార్డు వాళ్ళు ఇచ్చి తీరాలి. మేస్త్రి అడిగితే నా పెళ్ళాం ఒప్పుకోలేదని చెప్పండి. నవ్వితే నవ్వనివ్వండి.

కాగితం పంపడం లేదు. ఆ గురువారం పడవలో మీరు రండి.

మీ
రుమిని