ఊరు అనని మాట

వరంగల్, మంగళవారం రాత్రి

సాయంత్రం ఐదింటికి, వర్ధన్నపేట దగ్గరి ఒక ఊళ్లో, చనిపోయిన మరియమ్మను ఊరి శ్మశానం వైకుంఠధామంలో పూడ్చనివ్వలేదు. శవం ఇంటి ముందు ఫ్రీజర్ పెట్టెలో ఉంది.

ఆపింది మాజీ సర్పంచ్ రాజలింగం. రిపోర్టర్‌నని నాకు చాయ్ తెప్పించి మరీ చెప్పాడు.

"చర్చికి పోయెటోళ్లకు మా మన్నెందుకు సార్? ఊరంతా గిదే అంటాంది, రాస్కోండ్రి. నా పేరు మాత్రం వద్దు."

చుట్టూ ఉన్నవాళ్లను అడిగాను. ఎవరూ ఆ మాట అనలేదు. కాదనీ అనలేదు.

మరియమ్మ కొడుకు సుధాకర్ నా బండి దాకా వచ్చాడు.

"రాజలింగం మాట గూడ పేపర్ల ఏస్తవా అన్నా?"

"రెండు దిక్కులా రాయాలె తమ్మీ."

"రాయి. ఊరి మీద మాత్రం పెట్టకన్నా. రేపు నేను గీళ్లతోనే బతకాలె."

ఇలాంటి వార్తలకు మా దగ్గర ఒక వాక్యం సిద్ధంగా ఉంటుంది: 'గ్రామస్థులు అభ్యంతరం తెలిపారు.' అది చదివితే అధికారులు గొడవలకు భయపడి, శవాన్ని వేరే చోటికి తీసుకుపొమ్మంటారు. ఆ వాక్యం టైప్ చేసి, కొట్టేశాను. రాజలింగానికి ఫోన్ చేసి, పేరుంటేనే మాట వేస్తానన్నాను.

"ఏస్కో. ఫొటో గూడ పెట్టు," అని నవ్వాడు, సాయంత్రం పేరు వద్దన్న మనిషే.

కోపం రావాలి. రాలేదు. ఆ అభిప్రాయం ఉంచుకునే హక్కు ఆయనకుంది. దానికి నా పేజీలో చోటు ఇవ్వడం సరైనదో కాదో... తెలియదు. వార్తను పేరుతోనే డెస్క్‌కు పంపాను. ఫొటో పంపలేదు.

పొద్దున ఎనిమిదింటికి, ఎక్కడ పూడ్చాలో తేల్చడానికి తహసీల్దార్ వస్తారు. అప్పటికి ఊళ్లోకి పేపర్ వచ్చి ఉంటుంది. పెట్టె పక్కన ఎవరు నిలబడతారో చూడాలి.